హోర్డింగ్ మీద లేని లక్షలు

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు దిగి ఏ వైపు వెళ్లినా హోర్డింగుల మీద ఒక అంకె పెద్దగా కనిపిస్తుంది. ఎస్ఎఫ్‌టీ 5,999. ఇంకొంచెం ముందుకెళ్తే 6,499. ఆ అంకెను ఫ్లాటు విస్తీర్ణంతో గుణించి, దాచుకున్న డబ్బూ బ్యాంకు అప్పూ దానికి సరిపెట్టుకుని బయానా ఇచ్చేస్తారు జనం. ఆ గుణింతంలో వచ్చేది ధరలో ఒక భాగమే. మిగతా భాగం చాలామందికి రిజిస్ట్రేషన్ దగ్గరపడ్డాక, మా బల్ల ముందు కూర్చున్నప్పుడు తెలుస్తుంది.

నేను దస్తావేజు లేఖరిని. మేడ్చల్ జిల్లాలో ఒక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పక్కన కూర్చుని సేల్ డీడ్లు, గిఫ్ట్ డీడ్లు, తనఖా పత్రాలు రాస్తాను. జనం నన్ను డాక్యుమెంట్ రైటర్ అంటారు. ఉండటానికి ఇల్లు కొనుక్కునేవారికంటే పెట్టుబడి కోసం కొనేవారే ఈ మధ్య నా దగ్గరికి ఎక్కువగా వస్తున్నారు. ఉండే ఇంటికి లక్ష ఎక్కువైనా మన ఇల్లే కదా అని సర్దుకోవచ్చు. పెట్టుబడికి ఆ వెసులుబాటు లేదు. అక్కడ ప్రతి రుసుమూ రేపటి లాభంలోంచి కోసుకుపోయేదే.

ఈ మధ్య కామారెడ్డి వైపు నుంచి ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు, ఆయన భార్య వచ్చారు. బాచుపల్లిలో కడుతున్న అపార్ట్‌మెంటులో ఫ్లాటు బుక్ చేశారు. అద్దెకిస్తే పింఛనుకు తోడుగా నెలనెలా కొంత వస్తుందని, కొన్నాళ్లకు అమ్మితే మనవరాలి పైచదువుకు పనికొస్తుందని వాళ్ల ఆలోచన. 1,500 ఎస్ఎఫ్‌టీ, రేటు 6,000. సారు మనసులో ఉన్న ధర 90 లక్షలు. బిల్డరు ఆఫీసు నుంచి విడతలు విడతలుగా వచ్చిన డిమాండ్ నోటీసులన్నీ సంచిలో తెచ్చారు. అన్నీ కలిపి ఒక్క కాగితం మీద వేసి చూపమన్నారు.

వేశాను. కారు పార్కింగుకు 3 లక్షలు. క్లబ్ హౌసు, కరెంటు, నీళ్ల కనెక్షన్లు, జనరేటరు అన్నీ కలిపి ‘ఎమినిటీస్’ పేరుతో 4 లక్షలు. ఎనిమిదో అంతస్తు కనుక, ఐదు దాటిన ప్రతి అంతస్తుకూ ఎస్ఎఫ్‌టీకి 20 రూపాయల చొప్పున 90 వేలు. తూర్పు ముఖం, పైగా కార్నర్ ఫ్లాటు కనుక ఎస్ఎఫ్‌టీకి వంద చొప్పున లక్షన్నర. ఇక్కడికే 99 లక్షల 40 వేలు అయింది. దాని మీద 5 శాతం జీఎస్టీ, 4 లక్షల 97 వేలు. కార్పస్ ఫండు 90 వేలు. రెండేళ్ల మెయింటెనెన్సు ముందుగానే కట్టాలి, ఎస్ఎఫ్‌టీకి మూడున్నర చొప్పున లక్షా 26 వేలు, దాని మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. రిజిస్ట్రేషన్‌కు 7 లక్షల 55 వేలు. కొడుకుతో కలిసి తీసుకున్న లోనుకు ప్రాసెసింగ్, లీగల్, వాల్యుయేషన్, తనఖా రిజిస్ట్రేషన్ కలిపి 30 వేలు. కాగితాల ఖర్చు 15 వేలు.

మొత్తం ఒక కోటి 14 లక్షల 76 వేలు. అనుకున్నదాని మీద పాతిక లక్షల దాకా పెరిగింది.

సారు ఏమీ అనలేదు. అమ్మగారు కాగితం తీసుకుని తనే మళ్లీ కూడింది. “తమ్మీ, గివన్నీ ముందుగాల్నే ఒక్క కాగితం మీద రాసిస్తే మేం ఈ ఫ్లాటు జోలికి వచ్చేటోళ్లమే కాదు” అంది. ఆ మాట నాకు నూటికి నూరుపాళ్లు న్యాయంగా తోచింది. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

ఈ రుసుములన్నీ ఒక్క తీరువి కావు. కొన్ని ప్రభుత్వానికి పోతాయి. వాటికి చట్టం ఉంది, రేటు ఉంది, రసీదు ఉంది, బేరం లేదు. కొన్ని నిజంగా ఎవరో చేసిన పనికి ఇచ్చే కూలి. అక్కడ బేరం చేయవచ్చు, చేయాలి. మరికొన్ని మాత్రం ధరలోనే కలవాల్సినవి. హోర్డింగ్ మీద అంకె చిన్నదిగా కనబడాలని వాటిని విడదీసి వెనక్కి నెట్టారు. పై లెక్కలో పార్కింగు, ఎమినిటీస్, అంతస్తు, తూర్పు ముఖం కింద వేసిన 9 లక్షల 40 వేలు అలాంటివే. ఎనిమిదో అంతస్తు ఫ్లాటు అమ్మేవాడికి అది ఎనిమిదో అంతస్తని మొదటి రోజే తెలుసు. రేటు ఆ రోజే పూర్తిగా చెప్పవచ్చు. పార్కింగు సంగతి మరీ. మహారాష్ట్ర నుంచి వచ్చిన ఒక కేసులో, స్టిల్టు పార్కింగును ఫ్లాటు నుంచి విడదీసి అమ్మే హక్కు బిల్డరుకు లేదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆరుబయట పార్కింగు అందరి ఉమ్మడి స్థలమని స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) రాసిపెట్టింది. అయినా బ్రోచరులో లేని పార్కింగు డబ్బు డిమాండ్ నోటీసులో వస్తూనే ఉంది.

నేను రోజూ చూసే చోటు కనుక రిజిస్ట్రేషన్ ఖర్చు గురించి కాస్త వివరంగా చెప్పాలి. తెలంగాణలో ఇప్పుడు స్టాంపు డ్యూటీ 5.5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5 శాతం. పట్టణాల్లో మ్యుటేషన్‌కు మరో 0.1 శాతం కలిపితే 7.6. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం, మొత్తం ఏడున్నర. ట్రాన్స్‌ఫర్ డ్యూటీ స్థానిక సంస్థలకు చేరాల్సిన డబ్బు. దస్తావేజులో రాసిన ధర, ప్రభుత్వం నిర్ణయించిన మార్కెట్ విలువ, రెంటిలో ఏది ఎక్కువైతే దాని మీద ఈ శాతాలు లెక్కిస్తారు. మార్కెట్ విలువ ఎంతో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఎవరైనా చూసుకోవచ్చు. ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు.

రిజిస్ట్రేషన్ రోజున అమల్లో ఉన్న రేటే వర్తిస్తుంది, బుక్ చేసిన రోజుది కాదు. 2021 జూలై 22కు ముందు తెలంగాణలో ఇవన్నీ కలిపి 6 శాతం ఉండేవి. ఆ రోజు నుంచి ఏడున్నర అయ్యాయి. అప్పుడే మార్కెట్ విలువలు పెంచారు, 2022 ఫిబ్రవరి 1న మళ్లీ పెంచారు. 2020లో 6 శాతం లెక్కన డబ్బు పక్కన పెట్టుకుని, 2022లో తాళాలు అందుకున్నవారికి కోటి రూపాయల ఫ్లాటు మీద లక్షన్నర అదనంగా పడింది. కట్టడానికి మూడు నాలుగేళ్లు పట్టే ఫ్లాటు బుక్ చేసేవారు ఈ ఖర్చుకు కొంత ఎక్కువే పక్కన పెట్టుకోవాలి.

బిల్డర్లు ‘రిజిస్ట్రేషన్ ఖర్చులు’ అని ఒక గుండు మొత్తం అడగడం ఇంకో అలవాటు. చలానా 7 లక్షల 55 వేలైతే అడిగేది 8 లక్షల 10 వేలో, 8 లక్షల పాతిక వేలో ఉంటుంది. ఆ తేడా ఎందుకని అడిగితే ‘డాక్యుమెంటేషన్, ఆఫీసు ఖర్చులు’ అంటారు. దస్తావేజు రాసినందుకు మాలాంటివారికి ఇచ్చేది కొన్ని వేలు. నమూనా దస్తావేజులు శాఖ వెబ్‌సైటులోనే ఉన్నాయి. ఓపిక ఉంటే సొంతంగానూ రాసుకోవచ్చు. ఆ కొన్ని వేలు పోగా మిగిలినదానికి రసీదు ఉండదు. రసీదు లేని డబ్బు ఎక్కడికి పోతుందో మా ఆఫీసు ఆవరణలో అందరికీ తెలుసు. చలానా మీ పేరున మీరే ఆన్‌లైన్‌లో కట్టండి. దస్తావేజు ఫీజు విడిగా ఇచ్చి రసీదు తీసుకోండి. గుండు మొత్తానికి చెక్కు రాయవద్దు.

ఈ 7.6 శాతం తప్పించుకోవడానికి దస్తావేజులో తక్కువ ధర రాయించి మిగతాది నగదుగా ఇచ్చే పద్ధతి మన దగ్గర తరాలుగా ఉంది. నా దగ్గరికి వచ్చి అలా రాయమని అడిగేవారికి నేను చట్టం ఒక్కటే చెప్పి ఊరుకోను. స్థిరాస్తి అమ్మకంలో 20 వేల రూపాయలు, ఆ పైన నగదు తీసుకోకూడదని 2015 జూన్ నుంచి నిబంధన ఉందని చెప్తాను. తీసుకున్నవారికి అంత మొత్తమూ జరిమానాగా పడవచ్చు. ఆపైన వాళ్ల సొంత నష్టం కూడా చూపిస్తాను. కోటికి కొని 60 లక్షలని రాయించినవారు రేపు అమ్మినప్పుడు, వాళ్ల కొన్న ధర ఆదాయపు పన్ను శాఖ దృష్టిలో 60 లక్షలే. నగదుగా ఇచ్చిన 40 లక్షలు కూడా లాభం కిందకే వచ్చి, దాని మీద 12.5 శాతం పన్ను కట్టాలి. ఇవాళ 7.6 మిగిల్చి రేపు 12.5 ఇచ్చుకోవడం ఏ లెక్క?

జీఎస్టీ విషయానికొస్తే, కడుతుండగా కొన్న ఫ్లాటుకు 2019 ఏప్రిల్ 1 నుంచి 5 శాతం. హైదరాబాద్‌లో 45 లక్షల లోపు ధర, 60 చదరపు మీటర్ల లోపు కార్పెట్ ఏరియా ఉన్న చిన్న ఫ్లాట్లకు 1 శాతం. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే మొత్తం ధర చెల్లిస్తే జీఎస్టీ లేదు. పై లెక్కలో 4 లక్షల 97 వేలు మిగిలినట్టు. ‘రెడీ టు మూవ్’ ఫ్లాటు రేటు కొంచెం ఎక్కువ ఉందని వెనక్కి తగ్గేవారు ఈ తేడాను, ఫ్లాటు చేతికి వచ్చేదాకా పోగొట్టుకునే అద్దెను కలిపి చూసుకోవాలి. రెండు ధరలూ అప్పుడు చాలా దగ్గరికి వస్తాయి. తాళాలు ఇప్పుడే చేతికొస్తాయి కనుక పెట్టుబడికైతే నేను రెడీ ఫ్లాటు వైపే మొగ్గుతాను.

ఏజెంటు కమీషను మన దగ్గర ఒక శాతం నుంచి రెండు శాతం దాకా నడుస్తోంది. కొనేవారి దగ్గరా అమ్మేవారి దగ్గరా ఇద్దరి దగ్గరా తీసుకునేవారున్నారు. మంచి ఏజెంటు చేసే పనికి విలువ ఉంది, కాదనను. రెరాలో నమోదైన ఏజెంటేనా అని చూడండి, కమీషను బ్యాంకు ద్వారా ఇచ్చి రసీదు తీసుకోండి. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కొన్న ధరలో కలుస్తాయి. అమ్మేటప్పుడు ఇచ్చిన కమీషను లాభంలోంచి తీసేయవచ్చు. చేతిలో పెట్టిన నోట్లకు ఆ సౌకర్యం లేదు.

ఇప్పుడు హెడ్మాస్టరుగారి ఫ్లాటు దగ్గరికే వద్దాం. పెట్టుబడి పెట్టేవారు బొత్తిగా చూడని లెక్క అమ్మకం రోజుది. కొన్నేళ్ల తర్వాత ఆ ఫ్లాటు కోటీ 30 లక్షలకు అమ్ముడైందనుకుందాం. ఊళ్లో అందరూ ‘90కి కొన్నది కోటీ ముప్పైకి పోయింది, 40 లక్షలు మిగిలింది’ అంటారు. ఏజెంటుకు ఒక శాతం, అంటే లక్షా 30 వేలు పోతుంది. పన్ను లెక్కకు కొన్న ధరగా చూపగలిగేది ఫ్లాటు ధర, జీఎస్టీ, రిజిస్ట్రేషన్ కలిపి కోటీ 11 లక్షల 92 వేలు. మిగిలిన 16 లక్షల 78 వేల లాభం మీద 12.5 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు, రెండూ కలిపి 2 లక్షల 18 వేలు. చేతికొచ్చేది కోటీ 26 లక్షల 52 వేలు. పెట్టింది కోటీ 14 లక్షల 76 వేలు. నిజంగా మిగిలింది 11 లక్షల 76 వేలు. లోను మీద కట్టిన వడ్డీ ఇందులో కలపలేదు. అద్దె కలపలేదనీ అనవచ్చు. ఆ ఫ్లాటుకు నెలకు 23 వేలు వస్తే ఏడాదికి 2 లక్షల 76 వేలు. పెట్టిన మొత్తం మీద రెండున్నర శాతం కూడా దాటదు. అందులోంచి ఆస్తి పన్ను, రంగులు, అద్దెదారు మారినప్పుడల్లా ఖాళీగా ఉండే నెలలు, కొత్తవారిని తెచ్చిన ఏజెంటుకు ఇచ్చేది తీసేయాలి.

ఫ్లాట్లలో పెట్టుబడే వద్దని నేను చెప్పడం లేదు. ఈ లెక్క ముందు వేసుకుని, ఆ తర్వాత కూడా బాగుందనిపిస్తే కొనండి.

ప్లాట్లకు వేరే బాధలు. జీఎస్టీ లేదు గానీ అనుమతి లేని లేఅవుట్ అయితే లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం (ఎల్ఆర్ఎస్) ఉంది. తెలంగాణలో 2020 ఆగస్టు 26 గడువుగా తెచ్చిన ఆ పథకంలో, ఖాళీ స్థలం వదలని లేఅవుట్ అయితే క్రమబద్ధీకరణ రుసుముకు తోడు ప్లాటు విలువలో 14 శాతం కట్టాలి. ‘ఎల్ఆర్ఎస్ కట్టలేదు గానీ రేటు తక్కువ’ అని అమ్మేవారు ఆ 14 శాతాన్ని కొనేవారి నెత్తిన పెడుతున్నారు. ప్రీ లాంచ్ పేరుతో అనుమతులకు ముందే స్థలంలో అవిభాజ్య వాటా రాసిస్తామనేవారి దగ్గర రుసుముల లెక్క వేయాల్సిన పనే లేదు. అక్కడికి వెళ్లకండి.

ధర 50 లక్షలు, ఆ పైన ఉంటే కొనేవారు ఒక శాతం టీడీఎస్ కోసి ప్రభుత్వానికి కట్టాలన్నది 2013 జూన్ నుంచి ఉన్నదే. ఇది అమ్మేవారికి ఇవ్వాల్సిన దాంట్లోంచి కోసేది. దాన్ని అదనంగా మీ చేత కట్టిస్తే ఒప్పుకోవద్దు. అమ్మే వ్యక్తి అమెరికాలోనో గల్ఫ్‌లోనో స్థిరపడిన ప్రవాసి అయితే మాత్రం ఈ ఒక శాతం నియమం వర్తించదు. మూలధన లాభం పన్ను రేటు ప్రకారం కోయాలి, కోయకపోతే బాధ్యత కొన్నవారిదే. మన జిల్లాల్లో ప్రతి వీధిలోనూ విదేశాల్లో ఉన్నవారి పేరున ఇళ్లు, ప్లాట్లు ఉన్నాయి. ఊళ్లో ఉన్న తమ్ముడు జీపీఏతో వచ్చి సంతకం పెడతాడు, కొనేవారికి అసలు యజమాని ప్రవాసి అన్న ఆలోచనే రాదు. పాన్ కార్డుతోపాటు నివాస స్థితి కూడా ముందే రాతపూర్వకంగా అడగండి.

మిగుల్చుకోకూడని ఖర్చు కూడా ఒకటుంది. అది వకీలు ఫీజు. లింకు డాక్యుమెంట్లు, ఈసీ చూసి, వారసుల సంతకాలు సరిపోయాయా, భూమి నిషేధిత జాబితాలో ఉందా అని పరిశీలించి చెప్పడానికి కొన్ని వేలు తీసుకుంటారు. కోటి రూపాయల ఆస్తికి క్లబ్ హౌసు పేరిట లక్షలు ఇచ్చి, వకీలుకు పది వేలు ఇవ్వడానికి వెనకాడేవారిని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. బ్యాంకు వాళ్ల వకీలు చూశాడు కదా అనుకోకండి. ఆయన చూసేది బ్యాంకు అప్పు భద్రత.

బ్యాంకుల ప్రస్తావన ఎందుకంటే, పరిష్కారం అక్కడే దొరుకుతుంది. రిజర్వు బ్యాంకు 2024 అక్టోబరు 1 నుంచి గృహ రుణాలతో సహా రిటైల్ రుణాలన్నిటికీ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ తప్పనిసరి చేసింది. వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు, బీమా, లీగల్ ఖర్చు అన్నీ అందులో చూపాలి, అన్నీ కలిపితే ఏడాదికి ఎంత శాతం పడుతుందో ఒకే అంకెగా చెప్పాలి. ఆ కాగితంలో లేని రుసుమును అప్పు తీసుకున్నవారు స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప తర్వాత వసూలు చేయకూడదు. లోను ఇచ్చేవారికి పెట్టిన ఈ నియమం ఫ్లాటు అమ్మేవారికి ఎందుకు లేదు?

2016 రెరా చట్టం ప్రకారం రిజిస్టర్డ్ అగ్రిమెంటు చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. ఆ అగ్రిమెంటు నమూనాలో మొత్తం ధర రాయాల్సిన చోటూ ఉంది. అయితే అది కొనేవారి ముందుకు వచ్చేసరికి బయానా పోయి ఉంటుంది, వెనక్కి వెళ్దామంటే క్యాన్సిలేషన్ పేరుతో కోత ఉంటుంది. మొత్తం ధర తెలియాల్సింది బయానాకు ముందు.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెరా అధికారులకు నా విన్నపం ఒక్కటే. ప్రతి ప్రాజెక్టులో ప్రతి ఫ్లాటుకూ పార్కింగు నుంచి కార్పస్ దాకా, జీఎస్టీ నుంచి రిజిస్ట్రేషన్ దాకా మొత్తం ఖర్చు చూపే ఒక్క పేజీ కాగితం, తెలుగులో, బిల్డరు సంతకంతో బయానాకు ముందే ఇవ్వాలని నిబంధన పెట్టండి. ప్రభుత్వ రేట్లు మారితే తప్ప అందులో లేని రుసుము తర్వాత అడగకూడదని రాయండి. హోర్డింగ్ మీద ఎస్ఎఫ్‌టీ రేటు వేసినవాళ్లు అదే సైజు అక్షరాల్లో మొత్తం ధర కూడా వేయాలనండి.

కొనబోయేవారు ఆ నిబంధన కోసం ఆగనక్కర్లేదు. అదే కాగితాన్ని మీరే అడగండి. సంతకం పెట్టి ఇవ్వనన్నవారికి బయానా ఇవ్వకండి.